పూలు చూసి టికెట్ తియ్యకు, మొగ్గ చూసి తియ్యి

తమ్ముడూ, అమ్మానాన్న ఇక్కడ అమెరికాలో దిగేసరికి చెట్లన్నీ పూసి ఉండాలి, ఏ తారీఖుకి టికెట్ తియ్యను అని అడిగావు. వీసా, టికెట్ రూల్స్ నువ్వే చూసుకో, అవి మారుతుంటాయి. తారీఖు సంగతి మాత్రం నేను చెప్పాలి, ఆ విషయంలో గట్టిగా దెబ్బతిన్నవాణ్ణి.

నా మొదటి చలికాలంలో శని, ఆదివారాలు మాట్లాడే మనిషి లేడు. ఫిబ్రవరి చివర్లో వరసగా నాలుగు రోజులు ఎండ కాస్తే వసంతం వచ్చేసిందనుకుని, ఆ ఊపులోనే ఏప్రిల్ మొదటి వారానికి టికెట్లు తీసేశాను. వాళ్ళు వచ్చాక మళ్ళీ మంచు, మూడు వారాలూ కిటికీ బయట మోడులే. అమ్మ రోజూ ఇంటి ముందున్న క్రాబాపిల్ (చిన్న కాయల యాపిల్ జాతి) చెట్టు దగ్గరికెళ్ళి కొమ్మ పట్టుకుని "ఇది బతికే ఉందంటావా?" అనేది. వాళ్ళని విమానం ఎక్కించి వచ్చిన పదో రోజున ఆ చెట్టు కొమ్మ కనబడకుండా పూసింది. దాని కింద ఒక్కణ్ణే నిలబడిన ఆ సాయంత్రం ఇప్పటికీ మర్చిపోలేను.

కొత్తగా వచ్చినవాళ్ళు అందరూ ఇక్కడే పొరబడతారు. నాలుగు రోజుల ఎండకి చెట్టు మోసపోదు. పూమొగ్గ క్రితం వేసవిలోనే కట్టి ఉంటుంది, దానికి మొదట కొన్ని వారాల చలి పడాలి, ఆ తర్వాత వెచ్చదనం కొంచెం కొంచెంగా జమ కావాలి. ఆ లెక్క చాలా తేలిక: రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటులోంచి 5 గానీ 10 గానీ డిగ్రీల సెల్సియస్ తీసేసి, మిగిలింది రోజూ కలుపుకుంటూ పోవడమే. అది నేను ఏళ్ళ తరబడి నోట్‌బుక్‌లో రాసుకుని పట్టాను. ఫిబ్రవరిలో ఫోర్సీథియా (వసంతం మొదట్లో పసుప్పచ్చగా పూసే పొద) కొమ్మ ఒకటి కోసి గదిలో నీళ్ళలో పెట్టు, ఒకటి రెండు వారాల్లో పసుప్పచ్చగా విచ్చుకుందంటే చలి వాటా తీరిపోయినట్టే, ఇక బయట వెచ్చదనం కోసమే ఎదురుచూపు.

అయినా తారీఖు ముందే చెప్పగలవాళ్ళు లేరు. వాషింగ్టన్ డీసీలో యోషినో అనే రకం చెర్రీ పూలు 70 శాతం విచ్చుకున్న రోజుని నిండు పూత అంటారు. అది 1990లో మార్చి 15న వచ్చింది, 1958లో ఏప్రిల్ 18న. నెలకి పైగా తేడా! పది రోజుల కంటే ముందు చెప్పడం దాదాపు కుదరదని అక్కడి పార్కు వాళ్ళే అంటారు. నువ్వు ఇంకా ఉత్తరాన ఉంటే ఆ మేరకి ఆలస్యం.

తారీఖు మారినా వరస మాత్రం పెద్దగా మారదు: ముందు రెడ్ మేపుల్, తర్వాత మాగ్నోలియా, చెర్రీ, క్రాబాపిల్, ఆఖర్న లైలాక్. అందుకే ఒక్క చెట్టుని నమ్ముకుని టికెట్ తియ్యకు. కనీసం రెండు నెలలు ఉండేలా రప్పించు, చెర్రీ పోయినా లైలాక్ దొరుకుతుంది. వాళ్ళు వచ్చేదాకా నువ్వు గదిలో ఒక్కడివే కూర్చోకు. ఆఫీసు దారిలో ఒక చెట్టు చూసుకుని రోజూ ఆగు, మొగ్గ ఉబ్బి పొలుసుల మధ్య పచ్చటి గీత కనబడిన రోజున ఫోటో తీసి అమ్మకి పంపు.