చేర్యాల పటాల్లో ఉన్నది ఆయా కులాల నిజమైన చరిత్రేనా?

కాదు, తెలంగాణలోని చేర్యాలలో గుడ్డ మీద గీసే ఈ పొడవాటి బొమ్మల పటం జరిగిన సంఘటనల నమోదు కాదు. ఒక కులం తన పుట్టుక గురించి తరతరాలుగా చెప్పుకుంటున్న కథ. ఈ పటాలు గీసే నకాషీ చిత్రకారుడు దాన్ని సొంతంగా కల్పించడు. ఆ కులానికి కథ చెప్పే కళాకారులు కోరినట్టు, ఎర్రటి నేపథ్యం మీద వరుసలు వరుసలుగా గీస్తాడు. ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ వాళ్లు పాడతారు. పద్మశాలీలకు కూనపులివారు చెప్పే మార్కండేయ పురాణమే చూడండి: తామరతూళ్ల నారతో వాళ్ల మూలపురుషుడు భావనారుషి దేవతలకు వస్త్రం నేస్తాడు. ఇందులో తేదీలు వెతికితే దొరకవు. అలాగని వట్టి కట్టుకథలని కొట్టిపారేయడం ఇంకా పెద్ద పొరపాటు. బొమ్మల ఒంటిమీది కట్టూ బొట్టూ, నగలూ తెలంగాణ పల్లెలవే. పాతకాలపు శ్రమజీవుల రూపాన్ని ఇంత దగ్గరగా చూపే ఆధారాలు మనకు చాలా తక్కువ.