రాజ్యహింసను శరీరంతో ఎదిరించే కళ మన వైపు ఆడవాళ్లకు అర్థమవుతుందా?

మీరు అడిగింది ఇది: గ్వాటెమాలా కళాకారిణి రెజీనా హోసే గలిందో తన శరీరాన్నే కళగా మార్చి ప్రభుత్వ హింసను ఎదిరించిందంటారు, అది నిజంగా ప్రతిఘటనేనా లేక చూసేవాళ్లను ఉలిక్కిపడేలా చేయడమేనా, మన ప్రాంతంలో మామూలు స్త్రీలకు చూపిస్తే ఏమైనా అందుతుందా? నేను శ్రీకాకుళంలో చిత్రలేఖనం నేర్పే ఉపాధ్యాయినిని. మేము కొందరం స్త్రీలం కలిసి నడుపుకునే చిన్న బృందంలో ఆమె వీడియోలు వేసి, చూసి, చాలాసేపు మాట్లాడుకున్న అనుభవం ఉంది కాబట్టి జవాబు రాస్తున్నాను. నా దృష్టిలో అది ప్రతిఘటనే. రాజ్యం తన దస్త్రాల్లోంచి తుడిచేసిన శరీరాన్ని ఆమె తెచ్చి అదే రాజ్యం గుమ్మం ముందు నిలబెడుతుంది. ఆ కళకున్న బలమంతా అక్కడే ఉంది.

ఆమె పని అర్థం కావాలంటే ఆ దేశంలో జరిగినది కొంతైనా తెలియాలి. గ్వాటెమాలాలో 1960 నుంచి 1996 వరకు అంతర్యుద్ధం నడిచింది. రెండు లక్షల మందికి పైగా హతమయ్యారు లేదా మాయమయ్యారని ఐక్యరాజ్యసమితి అండతో ఏర్పడిన సత్యశోధన సంఘం 1999లో తేల్చింది. వివరాలు తెలిసిన బాధితుల్లో 83 శాతం మాయా ఆదివాసులేనని, నమోదైన దురాగతాల్లో 93 శాతానికి సైన్యము, దాని అనుబంధ దళాలే బాధ్యులని కూడా ఆ నివేదిక చెప్పింది. 1982 మార్చిలో సైనిక కుట్రతో గద్దెనెక్కిన జనరల్ ఎఫ్రాయిన్ రియోస్ మోంత్, మరుసటి ఏడాది ఆగస్టులో దిగిపోయేలోగా, మాయా ప్రజల్లో ఒకరైన ఇషిల్ తెగవారి ఊళ్లను తగలబెట్టడం, అక్కడి స్త్రీలను చెరచడం యుద్ధవ్యూహంలో భాగమైపోయాయి. కుట్రతో అధికారం పట్టినవాడు అధ్యక్ష పదవికి పోటీ చేయకూడదని ఆ దేశ రాజ్యాంగం చెబుతున్నా, 2003లో రాజ్యాంగ న్యాయస్థానం అతన్ని పోటీకి అనుమతించింది.

1974లో రాజధానిలో పుట్టిన గలిందో ఆ తీర్పుకు తన పాదాలతో సమాధానం చెప్పింది. నల్లని దుస్తుల్లో, చేతుల్లో మనిషి నెత్తురు పోసిన తెల్లని బేసిన్ పట్టుకుని, ఆ న్యాయస్థానం దగ్గర బయలుదేరి జాతీయ ప్రాసాదం వరకు నడిచింది. కొంత దూరం నడిచి ఆగుతుంది; బేసిన్‌ను వంగి నేల మీద పెడుతుంది; వట్టి పాదాలను ఒకదాని తర్వాత ఒకటి నెత్తుటిలో ముంచి, బేసిన్ ఎత్తుకుని మళ్లీ నడుస్తుంది. వెనక రోడ్డు మీద ఎర్రని అడుగులు పడతాయి, ముందు చిక్కగా, పోనుపోను పలచబడుతూ. చివరికి ప్రాసాదం ముందు వరుసగా నిలబడ్డ పోలీసుల ఎదుట బేసిన్ దించి వెళ్లిపోతుంది. ‘ఈ జాడలను ఎవరు చెరపగలరు?’ అన్నది ఆ కళాకృతి పేరు. ఆ ఎన్నికల్లో రియోస్ మోంత్ మూడో స్థానంలో నిలిచాడు. అది ఈ నడక వల్లే జరిగిందని నేను అనను. ఒక్క కళాకృతి మీద అంత బరువు మోపడం న్యాయం కాదు. 2005లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో యువ కళాకారులకిచ్చే స్వర్ణ సింహ పురస్కారం ఆమెకు వచ్చింది.

మా బృందంలో ఈ వీడియో వేసినప్పుడు మొదట అందరికీ వింతగా తోచింది ఆ నిశ్శబ్దం. మన జిల్లాలో పోరాట కళ అంటే పాట, గొంతు, జముకు అనే జానపద వాద్యం. శ్రీకాకుళ సాయుధ రైతాంగ పోరాట కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చెబుతూ ఊరూరా తిరిగి, 1969 డిసెంబరులో పోలీసు తూటాలకు బలైన నేల ఇది. అందుకే “పాట లేదేమి, ఒక్క మాటైనా అనదేమి?” అని ఒకరిద్దరు అడిగారు. కాని పురపాలక సంఘంలో రోడ్లు ఊడ్చి విరమణ చేసిన ఒక పెద్దావిడ చూపు మొదటినుంచీ రోడ్డు మీదే ఉంది. “టీచరమ్మా, ఆ అడుగులు తరవాత ఎవులు కడిగినారు?” అని అడిగారు. నేను జవాబు వెతుక్కుంటుండగా ఆవిడే అన్నారు: “కడిగీడానికి ఎవుర్నో పెట్టే ఉంటారు. అదీ ఆడమనిషే అయ్యుంటాది.” ఆ కళాకృతి గురించి నేను చదివిన ఏ విమర్శా ఇంత దూరం వెళ్లలేదు. జాడలను చెరిపే పని కూడా రాజ్యం పేదవాళ్ల చేతే చేయిస్తుందన్న సంగతి, బతుకంతా చీపురు పట్టిన మనిషికి ఎవరూ వివరించనక్కర్లేకుండా తట్టింది. సామాన్యులకు అర్థమవుతుందా అన్న మీ సందేహానికి నా దగ్గరున్న గట్టి జవాబు ఇదే.

2013 నాటి ‘తియెర్రా’ను, అంటే ‘నేల’ను, మావాళ్లు వేరే దారిలో అందుకున్నారు. అందులో ఆమె పచ్చని బయలులో నగ్నంగా, కదలకుండా నిలబడి ఉంటుంది. ఒక పొక్లెయిన్ ఆమె చుట్టూ నేలను తవ్వుకుంటూ పోతుంది. చివరికి ఆమె పాదాల కింది మట్టి దిబ్బ ఒక్కటే మిగులుతుంది. సైన్యం యంత్రంతో గోతులు తవ్వించి మనుషులను ఒక్కొక్కరినే తెచ్చి అందులో పడేసిందని రియోస్ మోంత్ విచారణలో వచ్చిన సాక్ష్యం దీనికి మూలం. థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దని సోంపేట బీల (చిత్తడి నేల) కోసం 2010లో, కాకరాపల్లి కోసం 2011లో జనం పోరాడి పోలీసు కాల్పులు చూసిన జిల్లాలో ఆ యంత్రాన్ని చూడగానే ఎవరికైనా థర్మల్ కేంద్రం గుర్తుకు రాక మానదు. “మన బీల తవ్వినట్టే ఉంది” అన్నారు సోంపేట వైపు నుంచి వచ్చిన ఒకామె. ఆ పోలిక తప్పని నేను అనుకోను, ఎందుకంటే మాయా ప్రజలు ఆ దేశంలో భూమి కోసం కూడా చచ్చారు. అయితే ఈ చిత్రీకరణ ఫ్రాన్స్‌లో జరిగింది, ఎదురుగా పోలీసులు లేరు, అధికార భవనం లేదు. దృశ్యంగా ఎంత గొప్పదైనా, 2003 నాటి నడకకున్న తెగువ దీనికి లేదని నా అభిప్రాయం.

నన్ను అన్నింటికన్నా ఎక్కువగా కదిలించింది అదే ఏడాది గ్వాటెమాలా నగరంలో ఆమె చేసిన ‘లా వెర్దాద్’, అంటే ‘నిజం’. ఆ ఏడాది మే 10న రియోస్ మోంత్‌కు జాతి నిర్మూలన, మానవాళిపై నేరాల కింద మొత్తం 80 ఏళ్ల శిక్ష పడింది. పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును కొట్టేసింది. ఆ తర్వాత ఆమె ఒక బల్ల ముందు కూర్చుని, యుద్ధంలో బతికి బయటపడ్డ ఇషిల్ స్త్రీల వాంగ్మూలాలను గంటకు పైగా చదివింది. మధ్యమధ్యలో ఒక దంతవైద్యుడు వచ్చి ఆమె నోటికి మత్తు సూది వేసి వెళ్తుంటాడు. క్రమంగా పెదవులు మొద్దుబారతాయి, నాలుక మడతపడుతుంది, మాటలు ముద్దగా వస్తాయి, అయినా ఆమె చదువుతూనే ఉంటుంది. ఇందులో నగ్నత్వం లేదు, నెత్తురు లేదు. తీర్పును రద్దు చేయడమంటే సాక్షి నోటికి ఏం చేయడమో ఆ నోరే చూపిస్తుంది.

మీ ప్రశ్నలో దాగిన అభ్యంతరం ఒకటుంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. గలిందో ఇషిల్ స్త్రీ కాదు. వేరొకరి బాధను తన ఒంటి మీద వేసుకునే హక్కు ఆమెకెక్కడిది? 2016లో గ్వాటెమాలాలోని సెపూర్ సార్కో అనే ఊరి కేసులో, సైనిక శిబిరంలో లైంగిక బానిసలుగా బతికిన కెక్చి తెగ వృద్ధ స్త్రీలు రంగురంగుల శాలువాలతో ముఖాలు కప్పుకుని న్యాయస్థానంలో కూర్చున్నారు. ఇద్దరు నిందితులకు 120, 240 ఏళ్ల శిక్షలు వేయించారు. హింస అనుభవించినవారు ముఖం కప్పుకున్నారు, అనుభవించని కళాకారిణి ఒళ్లు చూపింది. ఏది కప్పుకోవాలో, ఏది చూపాలో ఎవరికి వారే నిర్ణయించుకున్నారు కనుక ఆ రెండూ నాకు గౌరవనీయమే. మన దేశంలో 2004 జూలై 15న, అస్సాం రైఫిల్స్ పట్టుకుపోయిన తంగ్జం మనోరమ శవమై దొరికిన తర్వాత, 12 మంది మణిపురీ తల్లులు ఇంఫాల్‌లో అప్పట్లో ఆ దళం స్థావరంగా ఉన్న కాంగ్లా కోట ముందు వివస్త్రలై నిలబడ్డారు. ఆ నవంబరులోనే ఆ దళం కోటను ఖాళీ చేసింది. వాళ్లు కళాకారిణులం అనుకోలేదు. మనకు దగ్గరలో, విశాఖ మన్యంలోని వాకపల్లి సంగతి చూడండి: 2007లో 11 మంది ఆదివాసీ స్త్రీలు పోలీసులు తమను చెరిచారని ఫిర్యాదు చేస్తే, 2023 ఏప్రిల్‌లో విశాఖ న్యాయస్థానం నిందితులను నిర్దోషులుగా విడుదల చేస్తూనే, దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలంది. దర్యాప్తు సరిగా చేయనిచోట స్త్రీ శరీరం చెప్పిన సాక్ష్యం ఏమవుతుందో తెలియడానికి గ్వాటెమాలా దాకా పోనక్కర్లేదు.

కదలని దేహానికి ఎంత బలముందో మాకు స్వయంగా తెలిసిన సందర్భం ఒకటుంది. ఒక బాలిక మీద జరిగిన దాడికి నిరసనగా మేము ఏడు రోడ్ల కూడలిలో బ్యానరు, నినాదం, కొవ్వొత్తి ఏవీ లేకుండా ఊరికే వరుసగా నిలబడ్డాం. నినాదాలిస్తూ వెళ్లే ఊరేగింపును పట్టించుకోని జనం ఆగి చూశారు. ఒక కానిస్టేబులు వచ్చి “మీ డిమాండ్లేంటి?” అని మళ్లీమళ్లీ అడిగాడు, రాసుకోవడానికి ఏమీ దొరక్కపోవడం అతన్ని ఇబ్బంది పెట్టింది. కాళ్లు లాగుతున్నా పక్కామె భుజం ఆనుకుని నిలబడ్డ ఆ సాయంత్రం తర్వాతే గలిందో పనిలోని శ్రమ మాలో చాలామందికి తెలిసొచ్చింది.

మీరు కూడా చూపించదలిస్తే ముందు 2003 నాటి తీర్పు గురించి చెప్పి ఆ నడక వీడియో వేయండి, తర్వాత ‘లా వెర్దాద్’, ఆఖరున ‘తియెర్రా’. మొదటే ‘తియెర్రా’ వేస్తే చర్చంతా బట్టల చుట్టూనే తిరుగుతుంది. నగ్న దేహం కనిపించినంత మాత్రాన అశ్లీలం కాదని 2023 జూన్‌లో కేరళ హైకోర్టు ఒక తల్లి కేసులో స్పష్టంగా చెప్పింది, అడ్డు చెప్పేవారికి ఆ తీర్పు చూపవచ్చు. అయితే ఆవేశంలో ఏ అమ్మాయినీ ఇలాంటి ప్రదర్శనకు పురికొల్పకండి; మన దగ్గర ఫోనులోకెక్కిన దృశ్యం ఆమె చేతిలో ఉండదు, ఇంటికి వెళ్లాక దాని ఫలితం ఆమె ఒక్కతే మోయాలి.