బట్ పెట్టే ముందు ఎటువైపు ఉన్నావో తేల్చుకో

తమ్ముడూ,

నీ ఇంగ్లిష్ వ్యాసం చదివాను. నూజివీడు మామిడి రైతుల సంగతి నీకు దగ్గరగా తెలుసని ప్రతి పేరాలోనూ కనిపిస్తోంది, విషయానికి లోటేమీ లేదు. నేను చెప్పాలనుకున్నదల్లా ఒకదానికొకటి పొసగని రెండు మాటల్ని నువ్వు కలుపుతున్న తీరు గురించే. బట్, ఆల్దో, హవెవర్, డిస్పైట్ అన్నీ ఒకటేనన్నట్టు ఏది ముందు గుర్తొస్తే అది పెట్టేస్తున్నావు.

మొదటి పేరాలోనే చూడు: ‘ఆల్దో ది క్రాప్ వాజ్ గుడ్, బట్ ది ఫార్మర్స్ గాట్ నో ప్రైస్.’ తెలుగులో ‘పంట బాగా వచ్చినా కానీ ధర రాలేదు’ అంటాం, ‘వచ్చినా’లో ఒకసారి, ‘కానీ’లో ఇంకోసారి అదే మాట చెప్పినా మన చెవికి అది అలవాటే. ఇంగ్లిష్‌లో ఒక్కసారే చెప్పాలి. ఆల్దో ఉంటే బట్ తీసెయ్, బట్ కావాలంటే ఆల్దో తీసెయ్. ఇంకోటి, ‘డిస్పైట్ ఆఫ్’ అని ఎప్పుడూ రాయకు, ఆఫ్ వచ్చేది ఇన్ స్పైట్ పక్కనే. ఈ రెండిటి తర్వాతా ‘ది గుడ్ క్రాప్’ లాంటి మాట రావాలి గానీ ‘ది క్రాప్ వాజ్ గుడ్’ అని పూర్తి వాక్యం రాకూడదు.

ఇదంతా వ్యాకరణం, కొన్నాళ్లు రాస్తే పట్టుబడుతుంది. నేను గట్టిగా చెప్పేది వేరే. పంట బాగుంది బట్ ధర రాలేదు అని రాస్తే, ధర ఎందుకు రాలేదు, మధ్యలో ఎవరు తిన్నారు అని చదివేవాళ్లు అడుగుతారు. అదే తిప్పి, ధర రాలేదు బట్ పంట బాగుంది అన్నావనుకో, పోనీలే, పంటైనా వచ్చిందిగా అనుకుని ముందుకెళ్లిపోతారు. సమాచారం అదే, రైతు నష్టం మాత్రం చిన్నదైపోయింది! బట్ తర్వాత వచ్చిందే మనసులో నిలుస్తుంది కాబట్టి. ఆల్దో పని వేరు, అది వాక్యం మొదట్లో ఉన్నా చివర్లో ఉన్నా దేనికి తగిలిస్తే ఆ మాట వెనక్కి తగ్గుతుంది. అందుకే అవతలివాళ్ల వాదన ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు, వ్యాపారికీ ఖర్చులుంటాయన్న మాట ఉంది చూడు, అది ఆల్దోతో చెప్పి నీ మాట అసలు వాక్యంలో పెట్టు.

బట్‌తో వాక్యం మొదలెట్టకూడదని బళ్లో చెప్పి ఉంటారు. ఆ భయం వదిలెయ్. 1863 నవంబర్ 19న గెటిస్‌బర్గ్‌లో అమెరికా అధ్యక్షుడు లింకన్ చేసిన చిన్న ప్రసంగంలో, అంతర్యుద్ధంలో పోయినవాళ్ల కోసం ఈ నేలను అంకితం చేయడం సబబే అని చెప్పి, వెంటనే ‘బట్, ఇన్ ఎ లార్జర్ సెన్స్’ అంటూ మొదలుపెట్టి, అది మనవల్ల అయ్యే పని కాదు, ఇక్కడ పోరాడినవాళ్లే ఆ పని చేసేశారు అంటాడు. ప్రసంగమంతా అక్కడే మలుపు తిరుగుతుంది. ఆ చోట హవెవర్ పెట్టి పైకి చదివి చూడు, ఆఫీసు ఉత్తరంలా ఉంటుంది.

హవెవర్ వద్దనడం లేదు. రెండు పూర్తి వాక్యాల మధ్య వాడితే దాని ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ పెట్టు, తర్వాత కామా పెట్టు. నువ్వు ముందు కామా పెట్టి వదిలేశావు, దాంతో అది ఏ వాక్యానికి చెందుతుందో తెలియడం లేదు. ‘ది ప్రైస్, హవెవర్, ఫెల్’ అని మధ్యలో పెడితే ప్రైస్ మీద ఊనిక పడుతుంది, అది బాగుంటుంది. ఒకే పేజీలో మూడు నాలుగుసార్లు మాత్రం వద్దు.

బంగినపల్లి తినడానికి, తోతాపురి గుజ్జుకి అన్నచోట వేర్‌యాజ్ పెట్టావు, సరిగ్గా సరిపోయింది. అక్కడ ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తున్నావంతే. వైల్‌తో జాగ్రత్త, ధర పడుతుంటే వ్యాపారులు కొంటున్నారు అనేదాన్ని దానితో రాస్తే అదే సమయంలో అనా, దానికి విరుద్ధంగా అనా అని చదివేవాళ్లు ఆగిపోతారు.

చివరి పేరాలో ‘ఆన్ ది కాంట్రరీ’ తీసెయ్. ముందన్న మాట తప్పు అని కొట్టిపారేసేటప్పుడే అది వాడాలి. కౌలు రైతు పరిస్థితి చెప్పాక సొంత పొలం ఉన్న రైతు గురించి చెబుతున్నావు, రెండూ నిజమే, కాబట్టి అక్కడ ‘ఆన్ ది అదర్ హ్యాండ్’ చాలు. ఇవి దిద్ది పంపు, పత్రికకు వెళ్లేలోగా నేను ఇంకోసారి చూస్తాను.