ఆడపిల్ల ఆటకి నిక్కరు వేసుకుంటే తప్పా?

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు, బాబు ఆరో తరగతి, పాప నాలుగు. స్కూలు నుంచి రాగానే ఇద్దరూ వీధిలోకి పోతారు, తొక్కుడుబిళ్ల, కోకో, షటిల్, ఏదో ఒకటి. పాప నిక్కరు, టీషర్టు వేసుకుంటుంది. ఈమధ్య ఎదురింటావిడ మా అత్తయ్యతో "తొమ్మిదేళ్లొచ్చాయి, ఇంకా కాళ్లు కనబడేలా ఆ బట్టలేంటి" అన్నారట. అప్పట్నుంచి లెగ్గింగో ఫుల్ ప్యాంటో వేసుకుంటేనే అత్తయ్య పాపని గుమ్మం దాటనిస్తున్నారు. బాబు బనీనుతో తిరిగినా ఒక్క మాట లేదు. మావారు "ఎందుకొచ్చిన గొడవ, వేసేస్తే సరి" అంటున్నారు. పాప ఏడ్చి ఏడ్చి ఇప్పుడు అరుగు మీద కూర్చుని మిగతా పిల్లల ఆట చూస్తోంది. నేనేం చెయ్యాలి?
– ఒక తల్లి, గుణుపురం

జవాబు: ముందు పాపని అరుగు మీంచి దింపండమ్మా. అత్తయ్యగారితో మాట్లాడ్డం, మీవారితో మాట్లాడ్డం అన్నీ తర్వాత. ఈ సాయంత్రం పాప ఆడాలి, ఆ నిక్కరుతోనే ఆడాలి. తొమ్మిదేళ్ల పిల్ల నిక్కరు వేసుకుని వీధిలో ఆడుకోవడంలో నాకైతే ఏ తప్పూ కనబడలేదు.

ఆట బట్టలంటే ఒంటికి గాలి తగలాలి, కాళ్లు చేతులు అడ్డం లేకుండా కదలాలి. వీటికన్నా ముఖ్యం, ఆడుతున్నంతసేపూ పిల్ల ధ్యాస బట్టల మీదకి పోకూడదు. "కాళ్లు కనిపిస్తున్నాయి" అనిపించుకున్న పిల్లని కోకోలో ఒకసారి గమనించండి. వెనక నుంచి వీపు మీద చెయ్యి పడి "ఖో" అనగానే, చెయ్యి నేలకి ఆనించి ఒక్క ఊపులో లేవాలి కదా, ఆ చెయ్యి నేలకి బదులు గౌను అంచు మీదకి పోతుంది. ఆ కాస్త ఆలస్యానికే పట్టుకోవాల్సిన పిల్ల తప్పించుకుపోతుంది, నాలుగు రోజులు అలా అయ్యాక "నాకు ఆడాలని లేదు" అంటుంది, మనం పిల్లకి ఆటలంటే ఇష్టం తగ్గిపోయిందనుకుంటాం. మీ పాప ఇంకా అరుగు మీద కూర్చుని చూస్తోందంటే ఇష్టం పోలేదనే అర్థం, అందుకే తొందరపడమంటున్నాను.

ఇక మన వైపు ఎండలు మీకు తెలియనివి కావు. పాలియెస్టర్ కలిసిన బిగుతు లెగ్గింగు వేసుకుని పరిగెత్తితే చెమట ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి, చెమటకాయలు వస్తాయి. సంధ్య వేళ దోమల కోసం నిండుగా వేస్తే అది వేరే సంగతి, దాని గురించి కింద రాయగడ నుంచి రాసిన తండ్రికి చెప్పాను. ఎదురింటావిడ అన్నది మాత్రం దోమల గురించి కాదు.

అత్తయ్యగారి మీద కోపం పెట్టుకోకండి. ఆవిడ భయం నిజమైనదే అయ్యుండొచ్చు, రోజూ టీవీలో వింటున్నవి అలాంటివి. ఆ భయానికి లెగ్గింగు మందు కాదని మాత్రం ఆవిడకి ఓపిగ్గా చెప్పాలి. పిల్లల మీద అఘాయిత్యం చేసేవాడు బట్టలు చూసి చెయ్యడు, నిండుగా కప్పుకున్న పిల్లలకీ జరుగుతున్నాయి, మగపిల్లలకీ జరుగుతున్నాయి. 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలందరికీ, ఆడా మగా తేడా లేకుండా వర్తిస్తుంది. ఆటల వేళకి పెద్దవాళ్లు ఎవరో ఒకరు అరుగు మీద కూర్చోవడం, ఎవరైనా ఇబ్బందిగా తాకితే భయపడకుండా అమ్మకి చెప్పడం పిల్లలిద్దరికీ నేర్పడం, పిల్లలకి ఆపదొస్తే ఫోన్ చెయ్యాల్సిన 1098 నంబరు ఇంట్లో అందరికీ తెలిసుండడం, కాపాడేవి ఇవి. ఆ అరుగు మీద కాపలా బాధ్యత అత్తయ్యగారికే అప్పజెప్పండి. రోజూ ఆట దగ్గర నుంచి చూస్తే ఆవిడకీ ధైర్యం వస్తుంది.

ఆవిడ చిన్నప్పటి ఆటల గురించి అడగండి. పరికిణీ కుచ్చెళ్లు ఎగదోపి తొక్కుడుబిళ్ల ఆడని ఆడవాళ్లు ఆ తరంలో తక్కువ. అంత దూరం ఎందుకు, జూన్ నడిమధ్య రొజ్జో పండక్కి మూడు రోజులూ మీ ఊళ్లో ఒడియా ఆడపిల్లలు చెట్టు కొమ్మకి కట్టిన ఉయ్యాలెక్కి కాళ్లు ఆకాశంలోకి చాచి ఊగుతారు, అందరూ ముచ్చటపడి చూస్తారు, మన పిల్లలూ ఊగుతారు. పండగ మూడు రోజులూ ముద్దొచ్చిన కాళ్లు నాలుగో రోజు తప్పెలా అవుతాయి?

ఆటకి తగ్గ బట్ట వేసుకోవాలనడం మన దగ్గరా కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. బరువులెత్తే బట్టల్లోనే ఎత్తింది, లంగా ఓణీలో కాదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. చూడ్డానికి బాగుంటుందని 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య ఆడవాళ్లు స్కర్టే వేసుకోవాలని నిబంధన పెట్టబోతే క్రీడాకారిణులు ఒప్పుకోలేదు, మరుసటి ఏడాది దాన్ని వదిలేసుకున్నారు. పొట్టిది వేసుకో అన్నా, పొడుగుది వేసుకో అన్నా, ఆడేవాళ్లని అడక్కపోవడమే నాకు నచ్చనిది. అందుకని మీ పాపనీ అడగండి. తనకే మోకాలి దాకా ఉంటే బాగుంటుందనిపిస్తే వదులుగా ఉండే కాటన్ నిక్కర్లు కొనండి. కొనేటప్పుడు వెంట తీసుకెళ్లి, కొట్లోనే ఒకసారి గొంతుక్కూర్చుని లేవమనండి, ఎక్కడ పట్టేస్తుందో తెలిసిపోతుంది.

ఇంట్లో ఏదైనా నియమం ఉండాలంటే ఇద్దరికీ ఒకటే ఉండాలి. వీధిలోకి వెళ్తే చొక్కా తప్పనిసరి అంటే బాబుకీ తప్పనిసరే. ఇక మీవారు. ఆవిడ ఆయన అమ్మ కాబట్టి ఆయన చెప్తే ఆ మాటకి విలువ వేరు, అదే మాట మీరంటే కోడలు ఎదురు చెప్పిందంటారు. "గొడవెందుకు" అని ఆయన తప్పుకుంటే ఆ గొడవంతా తొమ్మిదేళ్ల పిల్ల నెత్తి మీద పడింది, ఈ సంగతి ఆయనకి సూటిగా చెప్పండి.

ప్రశ్న: సెలవులకి మనవలొచ్చారు. అన్నీ ఖరీదైన బట్టలే తెచ్చారు, మాసిపోతాయని కోడలు మట్టిలోకి దిగనివ్వదు. పాత బట్టలేసి పంపుదామంటే "నలుగురూ ఏమనుకుంటారు" అంటుంది. మా వీధిలో పిల్లలందరూ చెప్పుల్లేకుండానే ఆడతారు.
– ఒక తాతగారు, పర్లాకిమిడి

జవాబు: తాతగారూ, సంతలో రెండు జతల నేత బట్ట నిక్కర్లు, చొక్కాలు మీరే కొని "ఇవి తాత ఇచ్చిన ఆట బట్టలు" అని పిల్లలకివ్వండి. కోడలికి పాతబట్టల చిన్నతనం ఉండదు, పిల్లలకి మట్టి దక్కుతుంది. మనవరాలు లంగా, చున్నీ ముచ్చటపడితే వేసుకోనివ్వండి కానీ సైకిలెక్కేటప్పుడు చున్నీ తీయించండి, చక్రంలో చుట్టుకుంటే మెడకి ప్రమాదం. మెడ దగ్గర తాళ్లు వేలాడే చొక్కాలూ అంతే, జారుడు బల్లకి చిక్కుకుంటాయి. చెప్పుల విషయంలో మాత్రం నేను మీ కోడలి పక్షమే. బహిర్భూమికి వెళ్లే చోట్ల తడి మట్టిలో కొంకిపురుగు పిల్లలు అరికాలి చర్మం గుండానే ఒంట్లోకి పోతాయి, రక్తం తగ్గిపోతుంది. ఊరికి వెళ్లాక ఫిబ్రవరి 10న బడిలో ఇచ్చే నులిపురుగుల మందు, ఆల్బెండజోల్ మాత్ర మాన్పించొద్దని చెప్పండి.

ప్రశ్న: మా పిల్లలు చీకటి పడేదాకా ఆడతారు. దోమలకి నిండు చేతుల చొక్కా వేస్తే ఉక్క అని విప్పేస్తారు. ఎలా?
– ఒక తండ్రి, రాయగడ

జవాబు: ఎండ ఉన్నంతసేపూ నిండు బట్టలు వెయ్యక్కర్లేదు, వెలుగు తగ్గే ముందు మార్పించండి. మలేరియా దోమ చీకటి పడ్డాక కుడుతుంది, డెంగీ దోమ పగలే, ముఖ్యంగా పొద్దున, పొద్దు వాలే ముందు కుడుతుంది. అందుకే సూర్యాస్తమయానికి గంట ముందు అందర్నీ నీళ్లకి పిలిచి, పల్చటి కాటన్‌లో వదులుగా, లేత రంగువి, నిండు చేతుల చొక్కా, పైజమా వేసి మళ్లీ పంపండి. ముదురు రంగులకి డెంగీ దోమ ఎక్కువ వస్తుంది. బిగుతు బట్ట మీంచి దోమ కుట్టేస్తుంది కాబట్టి లెగ్గింగు ఇక్కడా పనికిరాదు. అమ్మాయికి వేసి అబ్బాయిని వదిలెయ్యకండి, దోమకి తేడా లేదు. పడుకునేటప్పుడు దోమతెర కట్టండి. జ్వరం వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా ఆశా కార్యకర్త దగ్గర కిట్‌తో మలేరియా రక్తపరీక్ష చేయించండి, ఉచితం.