త్రాసు పట్టుకున్నది ఎవరు?

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా శ్రమపడి రాశావు. అయితే మొదటి పేరాలోనే ఒక త్రాసు వేలాడదీశావు. ఒక పళ్లెంలో రాజ్యాంగ హక్కులు, మరో పళ్లెంలో దేశ భద్రత. చివరిదాకా ఆ పళ్లేలు ఊగుతూనే ఉన్నాయి. త్రాసు ఎవరి చేతిలో ఉందో, తూకం సరిగా ఉందో లేదో అడిగే వీలు ఎవరికుందో మాత్రం ఎక్కడా లేదు. ఈ ఉత్తరం అందుకే.

ఖరక్ సింగ్ కేసు చదివావా? ఉత్తరప్రదేశ్‌లో ఆయన మీద బందిపోటు కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశాక పోలీసులు ఆయన పేరిట హిస్టరీ షీట్ (అనుమానితుల మీద నిఘాకు పెట్టే రికార్డు) తెరిచారు. అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టేవారు, నిద్ర లేపేవారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఎక్కువమంది న్యాయమూర్తులు రాత్రిపూట ఇంటికి రావడాన్ని మాత్రమే కొట్టేసి, మిగతా నిఘాను ఉండనిచ్చారు. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు, జె.సి. షా గారితో కలిసి దానికి ఒప్పుకోలేదు. అడుగడుగునా నిఘా నీడలో తిరిగే మనిషిని స్వేచ్ఛగా ఉన్నాడని ఎలా అంటాం, ఏకాంతం కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమే కదా అన్నది ఆయన వాదన. ఆ తీర్పు తేదీ చూడు: 1962 డిసెంబరు 18. చైనాతో యుద్ధం ఆగి నెల కూడా కాలేదు. దేశమంతా అత్యవసర పరిస్థితిలో ఉంది. అలాంటి రోజుల్లో ఒక అనుమానితుడి నిద్ర గురించి ఆలోచించారాయన. ఏకాంతం హక్కేనన్న ఆ మాటను సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో ఒప్పుకోవడానికి 2017 దాకా పట్టింది. నీ వ్యాసంలో లేనిది ఆ తలుపు చప్పుడే. సూత్రాలన్నీ ఉన్నాయి, ఆ ఇల్లు లేదు.

ఇంకో సంగతి కూడా రాసుకో. చైనా యుద్ధం దాదాపు నెల రోజులు సాగింది. దానికోసం ప్రకటించిన అత్యవసర పరిస్థితిని 1968 జనవరిలో ఎత్తేశారు. మధ్యలో 1965 యుద్ధం వచ్చిన మాట నిజమే. అయినా ఆ అయిదేళ్ల లెక్క పాఠకుడి ముందు పెట్టాలి.

అలాగని భద్రత వాదాన్ని తేలిక చేయకు. 2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కుకూ గోకుల్ చాట్‌కూ వెళ్లి, బాంబు పేలుళ్లలో చనిపోయి తిరిగి రానివారి ఇళ్లు హైదరాబాదులో ఉన్నాయి. ఆ ఇంటివాళ్లు నీ వ్యాసం చదువుతారనుకుని రాయి. ముందస్తు నిర్బంధాన్ని, అంటే విచారణ లేకుండా ముందే పట్టి ఉంచడాన్ని, రాజ్యాంగం 22వ అధికరణంలో చేర్చినవాళ్లలో బ్రిటిష్ జైళ్లలో మగ్గినవాళ్లే ఎందరో ఉన్నారు. వాళ్లకు ఆ అధికారం రుచి తెలియక కాదు. ప్రమాదం నిజమని కూడా తెలుసు కనుకే, నిర్బంధానికి కారణం ఉందో లేదో చూసే సలహా మండలి వంటి కట్టుబాట్లతో రాశారు.

ఈ రెంటినీ ఒకే చోట పట్టుకున్న మనిషి నాకు తెలిసి సుప్రీంకోర్టు న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నా. ఎమర్జెన్సీలో నిర్బంధించినవారు విడుదల కోసం కోర్టుకు వెళ్లవచ్చా అన్నది జబల్‌పూర్ కేసు. 1976 ఏప్రిల్ 28న దాని తీర్పులో వెళ్లకూడదన్న నలుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఆయనొక్కడే ఒకవైపు. వాదనల్లో ఆయన అడిగాడు: 21వ అధికరణంలో స్వేచ్ఛతో పాటు ప్రాణం కూడా ఉంది కదా, దాన్ని అన్యాయంగా తీసినా కోర్టులో దిక్కు లేదా? ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని ప్రభుత్వ న్యాయవాది ఒప్పుకున్నాడు. ఖన్నా తీర్పులో నాకు అపురూపమైనది మరొకటి ఉంది. భద్రతకు ముప్పు వచ్చినప్పుడు స్వేచ్ఛను కుదించవచ్చు, పెద్ద ఎత్తున కూడా కుదించవచ్చు అని ఆయన ముందే ఒప్పుకున్నాడు. ఆ ముప్పు పేరు చెప్పి కోర్టు నోరు పూర్తిగా మూయించవచ్చా అన్నదే అసలు ప్రశ్న అన్నాడు. మరుసటి ఏడాది ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటి జూనియర్‌కు పోయింది. ఆయన రాజీనామా చేశాడు.

కోర్టు నోరు మూసుకుంటే ఏమవుతుందో కేరళలో ఈచర వారియర్ అనే తండ్రికి తెలుసు. 1976 మార్చిలో ఆయన కొడుకు రాజన్‌ను ఇంజనీరింగ్ కళాశాల నుంచి పోలీసులు పట్టుకుపోయారు. ఎమర్జెన్సీ తొలగాకే ఆయన హెబియస్ కార్పస్ పిటిషన్ (పట్టుకుపోయిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే అర్జీ) వేయగలిగాడు. కొడుకు కస్టడీలోనే చనిపోయాడని అప్పుడు బయటపడింది. శవం మాత్రం ఎప్పటికీ దొరకలేదు.

రాసే తీరు గురించి ఒకే మాట. నువ్వు ‘దేశ ప్రయోజనం’ అన్న ప్రతిచోటా ఆగి చూడు. అక్కడ దేశమా, ప్రభుత్వమా, అధికారంలో ఉన్న పార్టీయా? నేనూ పాతికేళ్ల వయసులో ఈ మూడింటినీ కలిపేసి సంపాదకీయాలు రాశాను. అవి ఈనాటికీ నన్ను బాధపెడతాయి. ఏది ఉద్దేశించావో ఆ పేరే రాయి. వాక్యం చిన్నదవుతుంది, ఒక్కోసారి రాయడానికి భయమూ వేస్తుంది. భయం వేసినచోట పెన్సిలుతో గీత గీసి పంపు, ఆ వాక్యాలను కలిసి చూద్దాం.

త్రాసు పేరా కొట్టేసి, తలుపు తట్టిన రాత్రితో మొదలుపెట్టు. వచ్చే నెల మొదటి వారంలోగా పంపగలిగితే నాకు సంతోషం.

మీ మాస్టారు