తెల్లవారుజామున నాలుగింటి చలి

ప్రశ్న: నా వయసు 34. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నెలకి రెండు వారాలు నైట్ డ్యూటీ పడుతుంది. పన్నెండింటి దాకా బాగానే ఉంటాను. మూడు దాటితే ఒళ్లంతా చలి, స్వెటర్ వేసుకున్నా ఆగదు. సరిగ్గా ఆ వేళకే ఆకలి, అదీ పునుగులో బిర్యానీయో కావాలనిపించే ఆకలి. పొద్దున ఇంటికొచ్చి పదింటికి పడుకుంటే ఒంటిగంటకల్లా మెలకువ. థైరాయిడ్ పరీక్ష నార్మల్ వచ్చింది. "రాత్రంతా మేలుకున్నదానికి నిద్ర పట్టకపోవడమేమిటి, అంతా ఆ ఫోను వల్లే" అంటారు మా అత్తగారు. నాకు ఇన్ని జబ్బులున్నాయా?
– పేరు వద్దన్న పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇన్నీ లేవమ్మా. మీకు డ్యూటీ మారిన కబురు మీ ఒంట్లో గడియారానికి ఇంకా అందలేదు, అంతే.

ముందు ఒక పని చేయండి. వార్డులో అందరికీ టెంపరేచరు చూసి చార్టులో రాస్తారు కదా, ఈసారి నాలుగింటికి మీ నోట్లోనూ థర్మామీటరు పెట్టుకోండి, టీ తాగకముందు. సాయంత్రం ఆరింటికి ఇంట్లో చూసినదానికంటే ఒక డిగ్రీ ఫారెన్‌హీటు అటూ ఇటూగా తక్కువుంటుంది. ఒంటి వేడి తెల్లవారుజామున అడుగుకి దిగి, సాయంత్రానికి పైకెక్కుతుంది. అందరికీ అంతే. ఆ వేళకి మిగతావాళ్లం దుప్పట్లో ఉంటాం గనక తెలీదు, మీరు ఏసీ కింద కుర్చీలో ఉంటారు.

నేను కాకినాడలో హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు మే నెలలో, ఏసీ లేని వార్డులో, నాలుగింటికి బల్లమీద ఆకుపచ్చ షీటు కప్పుకుని ముడుచుకునేవాణ్ణి. మలేరియా అనుకుని రక్తం కూడా ఇచ్చాను. ఫిజియాలజీ పాఠం చెప్పడం మొదలెట్టాక గానీ సంగతి తెలిసిరాలేదు.

రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున కత్తెరలా దాటుకుంటాయి. దానికి సరిగ్గా పైన ఉంటుంది ఆ గడియారం, సుమారు 20,000 కణాల ముద్ద. అది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే చిన్న కేంద్రంలో ఒక భాగం. హైపోథాలమస్ మొత్తం తూకమే నాలుగు గ్రాములు. ఆకలి, ఒంటి వేడి, నిద్ర చూసే కేంద్రాలన్నీ ఆ నాలుగు గ్రాముల్లోనే పక్కపక్క వాటాల్లో కాపురముంటాయి. ఒక వాటాలో గొడవైతే పక్కవాళ్లకి వినపడకుండా ఎలా ఉంటుంది?

ఆకలే చూడండి. 1998లో ఒరెక్సిన్ అనే రసాయనం బయటపడింది. మనల్ని మేలుకొని ఉండమనేదీ, తినమని పొడిచేదీ అదే. దీనికి తోడు కడుపులో పుట్టే గ్రెలిన్ అనే ఆకలి హార్మోను అలవాటైన భోజనం వేళకి ముందే పెరుగుతుంది. రోజూ మూడింటికి పునుగులు తింటుంటే ఇక అదే వచ్చి తలుపు కొడుతుంది. రాత్రిపూట ఇన్సులిన్ పని మందగిస్తుంది కాబట్టి మధ్యాహ్నం తిన్న బిర్యానీ కంటే మూడింటికి తిన్నది రక్తంలో చక్కెరను ఎక్కువ పెంచుతుంది. డ్యూటీకి బయల్దేరే ముందు కడుపునిండా భోంచేయండి. నడిరాత్రి గుడ్డో, గుప్పెడు ఉడికించిన శనగలో చాలు.

ఇక నిద్ర. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ పేరుకుంటుంది, అదే నిద్ర బరువు. కణాలు తమకి ఇంధనం లాంటి ఏటీపీ అనే రసాయనాన్ని ఖర్చు చేయగా మిగిలేది అది. ఆ ఏటీపీని కండరంలోంచి బయటికి తీసినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు, 1929లో, హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి. (క్లాసులో ఈ మాట చెప్పకుండా ఏ ఏడూ ముందుకెళ్లలేదు, ఇక్కడా ఆగలేకపోయాను.) మూడు గంటలు పడుకునేసరికి ఆ బరువు చాలావరకు దిగిపోతుంది. ఈలోగా గడియారం పగలని చెప్పి ఒంటి వేడి పెంచుతూ ఉంటుంది. మామూలు రాత్రి అయితే బరువు దిగాక కూడా గడియారమే నిద్రని పట్టి ఉంచుతుంది. ఒంటిగంట ఎండలో ఆ సాయం ఉండదు.

అత్తగారి మాట పూర్తిగా తప్పు కాదు. ఫోను వెలుగు గడియారాన్ని కదిలిస్తుంది, కానీ ఇంటికొచ్చేటప్పుడు తగిలే ఎండ ముందు అదెంత? నల్ల కళ్లద్దాలు పెట్టుకుని రండి. కునుకు వచ్చేలా ఉంటే బండి మీరు నడపొద్దు, ఆటో ఎక్కండి. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేస్తే రక్తం చర్మానికి చేరి లోపలి వేడి బయటికి పోతుంది, నిద్ర తొందరగా పడుతుంది. కిటికీలకి మందపాటి దుప్పట్లు కట్టండి. రాత్రి రెండు దాటాక టీ, కాఫీ మానేయండి. కెఫీన్‌లో సగం పోవడానికే అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం డ్యూటీకి ముందు ఇంకో గంట పడుకోండి, ముక్కలైనా నిద్రే.

ప్రశ్న: జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే మా అబ్బాయి చలి చలి అని రగ్గు అడుగుతాడు. కప్పాలా, వద్దా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇదీ ఆ హైపోథాలమస్ పనే. సూక్ష్మజీవి వచ్చిందని తెలియగానే మామూలు 98.6 వదిలేసి, 102కి చేరాలని లెక్క మారుస్తుంది. 100 దగ్గరున్న ఒళ్లు దాని లెక్కలో చల్లగా ఉన్నట్టే. అందుకే వణికించి వేడి పుట్టిస్తుంది. పారాసిటమాల్ లెక్కని మళ్లీ కిందికి దించుతుంది, అప్పుడు చెమట పోస్తుంది. వణుకుతున్నంతసేపు పల్చటి దుప్పటి కప్పండి, చెమట పట్టగానే తీసేయండి. వణికే పిల్లాడికి చన్నీళ్ల గుడ్డ వేస్తే వణుకు ఇంకా పెరుగుతుంది.