ఎక్స్‌పార్టీ డిక్రీ (మనం హాజరు కాకుండానే ఇచ్చిన తీర్పు) కొట్టేయమని వేసిన పిటిషన్‌ని కోర్టు డిస్మిస్ చేసింది, అప్పీలు వేస్తే ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది. వెంటనే వేయండి. మా నాన్న విషయంలో సరిగ్గా ఇదే జరిగింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అమ్మ పోయాక నాన్నను నా దగ్గరికి, హైదరాబాద్ తెచ్చేసుకున్నాను. ఊళ్లో ఇంటికి తాళం వేశాం. ఆ తర్వాత ఒకాయన నాన్న మీద ప్రోనోటు దావా వేశాడు, సమన్లు ఊరి అడ్రసుకే వెళ్లాయి, మాకు తెలియకుండానే డిక్రీ కూడా అయిపోయింది. ఈపీ (డిక్రీ అమలు చేయమని వేసే పిటిషన్) వేసి మా ఎకరం ఇరవై సెంట్లు జప్తుకు తెచ్చినప్పుడు కౌలుదారు ఫోన్ చేస్తే గానీ సంగతి తెలియలేదు. నెల తిరగకముందే డిక్రీ కొట్టేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 13 కింద పిటిషన్ వేశాం, కింది కోర్టు కొట్టేసింది. తలుపుకు సమన్లు అంటించారు కాబట్టి మాకు తెలిసే ఉంటుందన్నారు.

ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు. "అప్పు ఎగ్గొట్టానని ఊరంతా అనుకుంటారురా" అన్నారు, అంతే. నిజానికి ఆయన ఆ బాకీ తీర్చేశారు, నోటు మాత్రం వెనక్కి తీసుకోలేదు. డబ్బు కట్టి నోటు అడగడానికి మొహమాటపడటం ఆ తరం వాళ్లందరిలో చూశాను. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇవాళే చెప్పండి.

అప్పీలుకు ప్లీడరును మార్చాం. ఆయన అప్పు గురించి ఒక్క మాట అడగలేదు, "అమీనా రిపోర్టు ఏదమ్మా?" అన్నారు. అమీనా అంటే సమన్లు ఇవ్వడానికి వచ్చే కోర్టు ఉద్యోగి. అప్పటిదాకా దాన్ని ఎవరూ చూడలేదు! కాపీ కోసం రోజుల తరబడి తిరిగాను, కాపీ సెక్షన్ ముందు ముసలివాళ్లు కూర్చోవడానికి ఒక బల్ల కూడా ఉండదు, ఇది ఎవరికీ ఎందుకు పట్టదో. చివరికి చేతికొచ్చింది, అందులో రెండే లైన్లు. ఇంటికి తాళం ఉంది, తలుపుకు అంటించాను అని. ఇల్లు ఎవరు చూపించారు, ఎవరి ఎదుట అంటించారు అన్నది లేదు. ఆర్డర్ 5 రూల్ 17 ప్రకారం ఆ పేర్లు, అడ్రసులు రాయాలి. రిపోర్టుకు అఫిడవిట్ లేకపోతే రూల్ 19 కింద కోర్టు అమీనాను ప్రమాణం చేయించి విచారించాలి, అదీ జరగలేదు. ఆ రెండు లైన్ల మీద మా నాన్న పొలం పోబోయింది.

మీ కేసులోనూ అప్పీలంతా దీని మీదే నడపండి. బాకీ ఉందా లేదా అన్నది దావా మళ్లీ తెరిచాక సంగతి. మా మొదటి ప్లీడరు పిటిషన్ నిండా నాన్న మంచితనమే రాశాడు, అందుకే పోయిందని నా గట్టి నమ్మకం. అయితే సమన్లలో చిన్న లోపం ఒక్కటే సరిపోదు, వాయిదా సంగతి మీకు ముందే తెలుసని, వచ్చే టైమ్ కూడా ఉందని తేలితే డిక్రీ కొట్టేయరు. నాన్న ఊళ్లో లేరని చూపించడానికి మాకు ఆసుపత్రి కాగితాలు, పెన్షన్ బ్యాంకు మార్చిన కాగితం పనికొచ్చాయి.

ఈ అప్పీలును సీఎంఏ (సివిల్ మిసలేనియస్ అప్పీల్) అంటారు, ఆర్డర్ 43 రూల్ 1(డి) కింద వేస్తారు. హైకోర్టుకైతే 90 రోజులు, కింది అప్పీలు కోర్టుకైతే 30 రోజులే గడువు. అప్పీలు వేసినంత మాత్రాన ఈపీ ఆగదు, స్టే విడిగా అడగాలి. ఇందులో ఓడితే మళ్లీ రెండో అప్పీలు లేదు, కాబట్టి ఉన్న ఈ ఒక్కదాన్ని తేలిగ్గా తీసుకోకండి.

మాది అలౌ అయింది, కొంత డబ్బు డిపాజిట్ చేయమన్నారు, చేశాం. దావా మళ్లీ మొదలైన రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే కోర్టుకొచ్చి కూర్చున్నారు. బంట్రోతు పేరు పిలవగానే హాలంతా తిరిగి చూసేలా "ఉన్నానండీ" అన్నారు.

ఆర్డరు కాపీకి అప్లికేషన్ పెట్టకపోతే రేపు పొద్దున్నే పెట్టండి, కాపీకి పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు.